కాగితం ఊగొద్దు

నోటి ముందు పట్టుకున్న కాగితం ఎంత ఊగితే మనిషి అంత గొప్పవాడని నేను మనసారా నమ్మిన రోజులు అవి.

2002వ సంవత్సరం. మేడ్చల్‌లో ఒక టైర్ పంక్చర్ షాపు మీది గదికి 'వీరేందర్స్ ఫ్లూయెంట్ ఇంగ్లీష్' అని బోర్డు ఉండేది. ఆ వీరేందర్‌ని నేనే. డిగ్రీలో బాటనీ మూడో దండయాత్రలో గట్టెక్కింది. ఇంగ్లీష్ మాత్రం పదకొండు క్యాసెట్లు అరిగేదాకా విని నేర్చుకున్నాను. ఇంగ్లీష్ వాళ్లు ప, ట, క అనేటప్పుడు నోట్లోంచి గాలి వదులుతారని ఆ క్యాసెట్లలోనే విన్నాను. అది విన్నప్పటి నుంచి నా జీవితాశయం గాలి వదలడమే అయింది.

నా స్టూడెంట్లు ఒక్కొక్కరు కాగితం ముక్క నోటి ముందు పట్టుకుని "ప్హేపర్, ప్హెన్, ఠ్హేబుల్" అనాలి. కాగితం ఊగితే పాస్. కింద షాపులో టైర్లకు గాలి కొట్టేవారు, పైన నేను పిల్లలకు కొట్టేవాడిని. ఫీజు మాత్రం కిందివాళ్లకే ఎక్కువ వచ్చేది.

సెప్టెంబర్‌లో ఒక మధ్యాహ్నం, వాన పడుతుంటే, స్టూడెంట్లు ఎవరూ రాలేదు. నేనొక్కడినే కాగితం పట్టుకుని ప్రాక్టీస్ చేస్తున్నాను. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. తడిసిన చున్నీ పిండుకుంటూ ఒక అమ్మాయి గుమ్మంలో నిలబడింది.

"ఇంగ్లీష్ సార్ మీరేనా?"

"యా. ప్హ్లీజ్ కమిన్."

ఆమె నా చేతిలోని కాగితాన్ని చూసింది, పైన చూసింది. "గంత ఉక్కపోస్తుందా సార్? ఫ్యాను లేదా?"

ఫ్యాను ఉంది. తిరుగుతోంది కూడా. నేను కాగితాన్ని మెల్లగా జేబులో పెట్టుకున్నాను.

ఆమె పేరు వినోద. శామీర్‌పేట దగ్గర వాళ్లకు మందు మొక్కల నర్సరీ ఉంది. పాలిథిన్ కవర్లోంచి ఒక లిస్టు తీసి నా ముందు పెట్టింది. ముప్పై రెండు పేర్లు, అన్నీ లాటిన్‌లో.

"వచ్చే నెల జర్మనీ నుంచి ఒక డాక్టరమ్మ వస్తాంది సార్. ఆమె గీ పేర్లు పిలుస్తది. మా ఆడోళ్లు గా మొక్కనే తెచ్చి చేతుల పెట్టాలె. ఒక్కటి మారినా ఆర్డర్ ఇయ్యదంట. ఇంతకుముందు ఎవరో వేరే నర్సరోళ్లు ఒక దానికి బదులు ఇంకొకటి పంపిండ్రంట, అప్పటి సంది ఆమెకు నమ్మకం పోయింది. మీకు లాటిన్ వస్తదా?"

రాదు. ఒక్క మాట. రెండక్షరాలు. బుద్ధి ఉన్నవాడు అదే చెప్పేవాడు.

కానీ ఆమె ఎడమ కనుబొమ్మ మీద ఒక వాన చుక్క నిలిచి ఉంది. అది కిందికి జారేలోపు నేను అబద్ధం ఆడేశాను.

"లాటినా? ఇంగ్లీష్‌కు తాత వరసండీ. మనవనితోని రోజూ మాట్లాడుతున్న, తాతతోని మాట్లాడనా?"

"గట్లనా!" అంది వినోద. ఆమె కళ్లల్లో నా మీద గౌరవం కనిపించింది. అలాంటిది నా మీద అంతకుముందు ఎవరి కళ్లల్లోనూ చూడలేదు కాబట్టి, దాన్ని పోగొట్టుకోవడం నా వల్ల కాలేదు.

మర్నాడు నా లూనా మీద శామీర్‌పేటకు వెళ్లాను. వినోద వాళ్ల బాపు బాలనర్సయ్య నన్ను నర్సరీ అంతా తిప్పి చూపించాడు. గ్రీన్ నెట్ కింద వరసలుగా కవర్లు, కవర్లలో మొక్కలు. ప్రతిదానికీ ఒక తెల్ల అట్టముక్క.

"భూమి మాది కాదు బిడ్డా, లీజు," అన్నాడాయన. "పటేల్ కొడుకు ప్లాట్లు కొడ్తనంటుండు. జర్మనోళ్ల ఆర్డర్ ఐదేండ్లకు వస్తే లీజు పొడిగిస్తనన్నడు. లేకుంటే దసరాకు గీ మొక్కలన్ని అమ్ముకొని, నేను, నా బిడ్డ నాగారంల మా బామ్మర్ది ఇంటికి పోవుడే. ఆయనకు కుండీల దుకాణం ఉన్నది."

వినోద పక్కనే ఉంది. తులసి కవరు ఒకటి సరిచేస్తూ తల తిప్పుకుంది. ఆమె పరిచయమై ఇంకా ఇరవై నాలుగు గంటలు కాలేదు. అయినా నాగారం అనే ఊరి మీద నాకు అప్పుడే పగ పుట్టింది.

క్లాసు మొదలైంది. నా స్టూడెంట్లు యాదవ్వ, శంకరమ్మ, హజీరా. వాళ్లలో పెద్దది యాదవ్వ. ఆమె నోట్లో ఎప్పుడూ తమలపాకు ఉంటుంది. ముగ్గురికీ తలా ఒక కాగితం ముక్క ఇచ్చాను. జిల్లేడు మొక్క చేతిలోకి తీసుకున్నాను.

"చూడుండ్రి. క్హాలట్రోపిస్ జైగ్యాంటియా!"

"జిల్లేడుకు గింత కోపం ఎందుకొచ్చింది సార్?" అంది యాదవ్వ.

"కోపం కాదు. ప్రొనన్సియేషన్. కాగితం ఊగాలె."

యాదవ్వ ప్రయత్నించింది. కాగితం ఊగలేదు కానీ ఎర్రబడింది. నా చొక్కా కూడా.

"సార్, యే కాగజ్ కాయకు?" అని హజీరా అడిగింది. "మొక్క పేరు చెప్పనీకి గాలెందుకు? గాలొస్తే మొక్క పడిపోతది కదా!"

వినోద గ్రీన్ నెట్ అవతల నిలబడి చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు మాత్రం బాగా ఊగింది.

మూడు వారాలు అలాగే లాగాను. రోజూ సాయంత్రం క్లాసు అయ్యాక వినోద నాకు టీ ఇచ్చేది. ఆ టీ కోసం నేను లాటిన్ భాషను నానా హింస పెట్టాను. నాకు తెలియని పేరు వస్తే దగ్గేవాడిని. బాగా తెలియకపోతే ఇంకా బాగా దగ్గేవాడిని. వినోద ఒకరోజు నాకు అడ్డసరం కషాయం కాచి ఇచ్చింది. అబద్ధం అంత చేదుగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఇక ఎనిమిది రోజులు ఉందనగా ఆమె పరీక్ష పెట్టింది. లిస్టు చేతిలో పట్టుకుని పేర్లు చదివింది. ముగ్గురూ మూడు వైపులకు ఉరికారు. మారేడు అడిగితే వావిలి వచ్చింది. తిప్పతీగ అడిగితే ఏమీ రాలేదు. ముప్పై రెంటికి సరిగా వచ్చినవి తొమ్మిది.

"ఏందక్కా గిట్ల?" అంది వినోద. ఆమె మొహం పాలిపోయింది.

శంకరమ్మ మెల్లగా చెప్పింది. "సారు మారేడును మంగళారం ఈగల్ అన్నడు, గురువారం ఈగ్లీ అన్నడు. శనారం దగ్గిండు. మేము దేన్ని పట్టుకోవాలె?"

వినోద నన్ను పక్కకు పిలిచింది. నీళ్ల తొట్టి దగ్గర నిలబడ్డాం.

"నిజం చెప్పుండ్రి. మీకు లాటిన్ వస్తదా?"

"బేసిక్‌గా చూసుకుంటే..."

"వస్తదా, రాదా?"

"రాదు."

"మరి ఆ దినం ఎందుకు వస్తదన్నరు?"

నా నోటికి ఎప్పుడు ఏం రావాలో తెలియదు. "మీ కనుబొమ్మ మీద చినుకుండె," అన్నాను.

ప్రపంచంలో ఇంతకంటే పనికిమాలిన సంజాయిషీ ఇంకెవరూ ఇచ్చి ఉండరు.

"తప్పు చినుకుదా?" అంది వినోద. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదనిపించింది. "రాదని ఒక్క మాట అంటే ఇంకొకల్లను దేవులాడుకుందును సార్. మా బాపుకు గీ మొక్కలే పానం. ఇగ ఎనిమిది దినాలున్నయ్. రేపటి నుంచి మీరు రాకుండ్రి."

లూనా స్టార్ట్ కాలేదు. తొక్కుకుంటూ తొక్కుకుంటూ గేటు దాకా వెళ్లాను. నన్ను చూసి నవ్వేందుకు కూడా ఎవరూ బయటికి రాలేదు.

మర్నాడు ఆదివారం. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే రోజు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మోకాళ్ల మీద కూర్చుని వెతికాను. చివరికి అట్ట ఊడిపోయిన సన్నని పుస్తకం ఒకటి దొరికింది. ఇంగ్లీష్ మాట్లాడేవాళ్లు లాటిన్ శబ్దాలను ఎలా పలకాలో చెప్పే పుస్తకం. మేడ్చల్ బస్సు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని తెరిచాను.

పుస్తకం పొడుగునా ఇంగ్లీష్ వాళ్లను బతిమాలడమే. అయ్యా, లాటిన్‌లో ఒక అక్షరానికి ఒకటే శబ్దం, దాన్ని మీ ఇష్టం వచ్చినట్టు మార్చకండి. సి ఎప్పుడూ 'క'నే. జి ఎప్పుడూ 'గ'నే. ఎ, ఈ కలిస్తే 'ఐ'. ఎ, యు కలిస్తే 'ఔ'. 'ఓ' అని మొదలుపెట్టి 'ఔ' దాకా నోరు జార్చకండి, ఉన్నచోటే ఉంచండి. ర వస్తే మింగేయకండి, నాలుక ఆడించండి. అచ్చుల్లో పొట్టివి వేరు, పొడుగువి వేరు. ఒకే అక్షరం రెండుసార్లు రాస్తే రెండుసార్లు పలకండి. ఈ ఆఖరి ముక్క వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడానికి రచయిత ఒక పేజీ ఖర్చుపెట్టాడు. మనకైతే 'అక్క' అంటే సరిపోయేది.

పేజీ తిప్పాను. ప, త, క అనేటప్పుడు గాలి వదలకూడదు. నోటి ముందు ఒక కాగితం పట్టుకోండి. కాగితం ఊగకూడదు.

ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాను. తర్వాత జేబులోంచి కాగితం తీసి నోటి ముందు పెట్టుకుని "ప" అన్నాను. ఊగింది. "క" అన్నాను. ఇంకా బాగా ఊగింది. పదకొండు క్యాసెట్ల కష్టం మరి.

పక్క సీట్లో తలపాగా పెద్దమనిషి ఒకాయన నన్నే చూస్తున్నాడు. "ఏమైంది బిడ్డా? దమ్మొస్తుందా?"

"కాదు తాతా. జర గీ కాగితం పట్టుకొని ఏమన్న మాట్లాడు."

ఆయన పట్టుకున్నాడు. "ఏం మాట్లాడాలె? పప్పు. కల్లు. తాటికమ్మ. పొద్దుగాల పొలంకాడికి పోయిన."

కాగితం కదిలితే ఒట్టు. మేడ్చల్ బస్సులో కూర్చున్న తాతకు రోమన్ల నోరుంది. యాదవ్వకు ఉంది. హజీరాకు ఉంది. పుట్టినప్పుడు నాకూ ఉండే ఉంటుంది. దాన్ని డబ్బులిచ్చి పాడుచేసుకున్నాను, పైగా ఆ పాడుచేసే విద్యకు బోర్డు పెట్టి ఫీజు తీసుకున్నాను.

సోమవారం పొద్దున్నే నర్సరీలో దిగాను. ముగ్గురూ కవర్లలో మట్టి నింపుతున్నారు. వినోద నన్ను చూసి లేచి నిలబడింది. ఆమె నోరు తెరిచేలోపే నేను గట్టిగా అన్నాను.

"నాకు లాటిన్ రాదు. నేను మీకు నేర్పిందంత అబద్ధం. అసలు కాగితం ఊగొద్దు. మీ నోర్లు మంచిగున్నయ్, నాదే ఖరాబైంది. నన్ను మాఫ్ చెయ్యుండ్రి."

యాదవ్వ పక్కకు తిరిగి ఉమ్మేసి వచ్చింది.

"నీకు రాదని మాకు మొదటి దినమే ఎర్క సార్."

"మరి చెప్పలేదేంది?"

"కాగితం పట్టుకొని కూసుంటే రోజూ గంట పని తప్పుతుండె."

హజీరా, శంకరమ్మ పడి పడి నవ్వారు. వినోద నవ్వలేదు. నేను పుస్తకం ఆమె చేతికిచ్చాను. ఆమె నిలబడే పేజీలు తిప్పింది. కాగితం ఒకటి నోటి ముందు పెట్టుకుని, లిస్టు చూస్తూ చదివింది.

"కలొత్రొపిస్ గిగంతేఅ."

కాగితం కదలలేదు. జిల్లేడుకు కోపం కూడా పోయింది.

"అంటే ఉన్నది ఉన్నట్టు చదువుడేనా?" అంది వినోద.

"గంతే. మీరు తెలుగుల రాసుకున్నా సరిపోతది."

"గీ ముక్క కోసం మూడు వారాలు పరేషాన్ చేసినవు."

'చేసినవు' అంది. 'చేసిండ్రు' అనలేదు. తిట్టులో మర్యాద తగ్గితే అంత సంతోషపడిన మనిషిని నేనొక్కడినే అయ్యుంటాను.

ఆ మధ్యాహ్నమే అట్టముక్కల మీద పేర్లన్నీ తెలుగు అక్షరాల్లో రాశాం. కానీ ఇంకో చిక్కు వచ్చింది. ఏ అచ్చు పొడుగో ఏది పొట్టో ముప్పై రెండు పేర్లలో గుర్తుపెట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు. యాదవ్వకు చదువు రాదు, అట్టముక్క చూసి లాభం లేదు. సాయంత్రానికి అందరూ డీలాపడ్డారు.

అప్పటికి బతుకమ్మ రోజులు. చెలకల్లో గునుగు తెల్లగా, తంగేడు పచ్చగా విరగబూసి ఉన్నాయి. శంకరమ్మ ఇంటికి తీసుకెళ్లడానికి ఒక కట్ట తంగేడు కోసుకుంది. దాన్ని చూస్తూ, చప్పట్లు కొడుతూ, బతుకమ్మ పాట వరసలో ఊరికే అన్నట్టు అంది.

"కస్సియ ఔరికులాత ఉయ్యాలో..."

చప్పట్లు సరిగ్గా 'లా' మీద పడ్డాయి. పొడుగుండాల్సిన చోట పొడుగైంది.

హజీరా గునుగు ఒకటి తెంపి అందుకుంది. "కేలోసియ అర్గెంతెఅ ఉయ్యాలో!"

యాదవ్వ లేచింది. వినోద నన్ను చూసింది. మూడు వారాల్లో నేను చేయలేని పని ఆ ఒక్క ఉయ్యాలో చేసింది.

ఆ రోజు నుంచి క్లాసు లేదు, ఆటే. నలుగురు ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టేవారు. మధ్యలో, బతుకమ్మ ఉండాల్సిన చోట, నన్ను నిలబెట్టారు. ఒక్కో మొక్కను తల మీద ఎత్తి పట్టుకోవడం నా పని. వాళ్లు దాని పేరు పాడేవారు. మట్టి నా జుట్టులో రాలేది. బాలనర్సయ్య దూరం నుంచి చూసి, "మా తరంల మొగోళ్లకు గిసొంటి ఉద్యోగాలు లేకుండె," అన్నాడు.

నా నోటికి కూడా వినోద చికిత్స మొదలుపెట్టింది. నేను ఏ పేరు పలికినా నోటి ముందు అట్టముక్క పెట్టేది. అది ఊగితే పది మొక్కలకు నీళ్లు పోయాలి. ఆ వారంలో నర్సరీలో ఒక్క మొక్క కూడా వాడిపోలేదు. నిజం చెప్పాలంటే కొన్నిసార్లు కావాలనే ఊపాను. ఆమె చెయ్యి నా మొహానికి జానెడు దూరంలో ఉంటే, ఎవడికైనా బాగుపడాలని ఎందుకుంటుంది?

డాక్టర్ హెల్గా రానే వచ్చింది. అరవై దాటిన మనిషి, నెత్తిన గడ్డి టోపీ, చేతిలో లిస్టు. ఒక్కో పేరూ పిలిచింది. ముగ్గురూ పేరు వినగానే పెదాలు కదుపుతూ, చేతులు చీర చాటున మెల్లగా చరుచుకుంటూ వెళ్లి, మొక్క తెచ్చి పెట్టారు. ఇరవై. ఇరవై ఐదు. ముప్పై. బాలనర్సయ్య తువ్వాలు నములుతున్నాడు. వినోద గట్టిగా నా చొక్కా చెయ్యి పట్టుకుంది, పట్టుకున్నట్టు ఆమెకు తెలియదు.

ముప్పై ఒకటి. ముప్పై రెండోది జిల్లేడు. యాదవ్వ తెచ్చింది. డాక్టరమ్మ ఆ మొక్కను అటూ ఇటూ తిప్పి చూసి, నా వైపు తిరిగి ఏదో అడగబోయింది. ఆమె ఇంగ్లీష్‌కు ఆ రోజు దుబాసీని నేనే కదా, ముందే అందుకున్నాను.

"మేడమ్, దిస్ ఈజ్ క్హాలట్రోపిస్ జైగ్యాంటియా!"

ఆమె టోపీ అంచు గడ్డిపోచ ఊగింది.

"సార్, కాగితం!" అని అరిచింది యాదవ్వ. ముగ్గురూ నవ్వు ఆపుకోలేకపోయారు. ఏం జరిగిందని డాక్టరమ్మ అడిగింది. నా పరువు పోయిన కథ మొదటి నుంచి చివరి దాకా, కనుబొమ్మ మీద చినుకు ఒక్కటి వదిలేసి, నేనే ఇంగ్లీష్‌లో చెప్పుకోవాల్సి వచ్చింది.

ఆమె కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. చిన్నప్పుడు వాళ్ల బడిలో లాటిన్ పంతులు నోటి ముందు కొవ్వొత్తి పెట్టేవాడట. ఆరిపోతే దెబ్బలట.

"మరి ఏది కరెక్ట్ మేడమ్?" అని అడిగాను.

ఈ పేర్లను ఒక్కో దేశంలో ఒక్కోలా పలుకుతారని ఆమె చెప్పింది. అడిగిన మొక్క చేతికి రావడమే తనకు ముఖ్యమని, ఇక్కడ ముప్పై రెండు అడిగితే ముప్పై రెండూ వచ్చాయని అంది. వెళ్లేముందు ఆ పాట ఒకసారి పూర్తిగా వినిపించమంది. వినిపించారు. ఐదేళ్ల ఆర్డర్ మీద ఆమె అక్కడే, నీళ్ల తొట్టి గట్టు మీద పెట్టి సంతకం చేసింది.

కారు వెళ్లిపోయాక వాన మొదలైంది. అందరం షెడ్డు కిందికి చేరాం. బాలనర్సయ్య కళ్లు తడిగా ఉన్నాయి.

"రేపటి నుంచి రావా మరి, వీరేందర్?"

"పనైపోయింది కదా బాపు."

నోరు జారాను. ఆయన నాకు బాపు కాదు. ఆ మాట అందరూ విన్నారు. యాదవ్వ శంకరమ్మను మోచేత్తో పొడిచింది. బాలనర్సయ్య నన్ను చూశాడు, కూతుర్ని చూశాడు, షెడ్డు బయట నిగనిగలాడుతున్న మొక్కల్ని చూశాడు.

"నీళ్లు మాత్రం మంచిగ పోస్తడు పోరడు," అని, తువ్వాలు నెత్తిన వేసుకుని వానలోకి నడిచాడు. యాదవ్వ మిగతా ఇద్దరినీ తోలుకుని ఆయన వెనకే వెళ్లింది.

వినోద, నేను మిగిలాం. ఆమె అట్టముక్కల డబ్బాలోంచి సన్నని కాగితం ఒకటి తీసి నా నోటి ముందు పట్టుకుంది.

"చెప్పేదేమన్న ఉంటే చెప్పు."

"ఐ..."

"ఇంగ్లీష్ వద్దు."

"లాటిన్‌ల చెప్పాలంటే జర టైం..."

"మీ అవ్వతోని ఎట్ల మాట్లాడుతవో గట్ల చెప్పు."

ఊపిరి బిగబట్టాను. ఈసారి చినుకు ఆమె ముక్కు మీద ఉంది. అబద్ధం ఆడాలనిపించలేదు.

"నువ్వంటే నాకు పానం వినోదా. నువ్వు నాగారం పోతవేమోనని నెల సంది నాకు కూడు సయిస్తలేదు."

కాగితం ఊగింది. బాగానే ఊగింది.

ఇంత నేర్చుకుని, అసలు మాట దగ్గరే తప్పాను. "ఊగింది," అన్నాను. "ఇగ పది మొక్కలు. పోత."

"ఆగు," అంది వినోద. తల వంచుకుని, కిందికి చూస్తూ నవ్వుతోంది. "నీ గాలికి కాదు."

చూశాను. కాగితం పట్టుకున్న ఆమె వేళ్లు వణుకుతున్నాయి.